సోలార్ ఎనర్జీలో పని చేయాలంటే ఏ డిగ్రీ చదవాలి?

ఎండపొద్దు: త్వరలో ఇంజినీరింగ్‌లో చేరాలి. సోలార్ రంగంలోనే పని చేయాలని గట్టిగా ఉంది. కొన్ని కాలేజీల్లో రెన్యూవబుల్ ఎనర్జీ పేరుతోనే డిగ్రీ ఉంది, కొందరేమో ఎలక్ట్రికల్ తీసుకోమంటున్నారు. ఏది ఎంచుకోవాలో తేలక టెన్షన్‌గా ఉంది. ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి.

గ్రిడ్‌వాసి: ఎలక్ట్రికల్ తీసుకోండి. నేను పెద్ద ప్లాంట్ల డిజైన్‌లో ఉన్నాను, రోజంతా చేసేది ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటుని ఏసీగా మార్చేది) ఎంత కెపాసిటీ పెట్టాలి, కేబుళ్లలో ఎంత పోతుంది, ఎర్తింగ్, ప్రొటెక్షన్, గ్రిడ్‌కి కలిపే చోట వోల్టేజీ ఎలా నిలుస్తుంది, ఇవే. ప్యానెల్ గురించి నా పనికి కావలసినంత ఒక సెమిస్టర్‌లో వచ్చేస్తుంది. పవర్ ఎలక్ట్రానిక్స్ అలా రాదు, దానికి ముందు సర్క్యూట్లు, మెషీన్లు, కంట్రోల్ అన్నీ వరసగా చదివి ఉండాలి. పేరులో సోలార్ ఉన్న కొన్ని కోర్సుల్లో గాలి, బయోమాస్, పాలసీ అన్నీ తలా కొంచెం చెప్పి వదిలేస్తారు. అలా చదివి వచ్చినవాళ్లు ఇంటర్వ్యూలో ఫాల్ట్ కరెంట్ (షార్ట్ సర్క్యూట్ లాంటిది జరిగితే పారే కరెంటు) లెక్క దగ్గరే ఆగిపోవడం చూశాను, బాధేస్తుంది.

సిలికాన్‌ప్రేమి: ప్లాంట్ల పనికైతే అది నిజమే. ప్యానెల్ లోపలి సెల్ తయారీ, పరిశోధన వైపు మనసుంటే మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, మెటీరియల్స్ సైన్స్ దారి. సిలికాన్ సెల్‌కి సిద్ధాంతపరంగా గరిష్ఠ సామర్థ్యం (పడిన ఎండలో కరెంటుగా మారే వాటా) సుమారు 29 శాతం, ల్యాబ్ సెల్స్ ఇప్పటికే 27 దాటాయి. అందుకే సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే మరో రకం పదార్థం పొర వేసి రెండూ కలిసి పనిచేసేలా చేయాలని ఇంతమంది కష్టపడుతున్నారు, ఆ పొర తేమకీ వేడికీ పాడవకుండా ఏళ్ల తరబడి నిలవడమే పెద్ద చిక్కు. ఈ పనిలోకి రావాలంటే పీజీ తప్పదు, చాలామంది పీహెచ్‌డీ దాకా వెళ్తారు.

పీవీపాఠం: సోలార్ డిగ్రీలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో ఫోటోవోల్టాయిక్స్‌కే (ఎండని నేరుగా కరెంటుగా మార్చే టెక్నాలజీ) విడిగా ఇంజినీరింగ్ డిగ్రీ 2000లో మొదలైంది, తర్వాత ప్రపంచమంతా వాడిన పెర్క్ అనే రకం సిలికాన్ సెల్ పుట్టింది అక్కడి మార్టిన్ గ్రీన్ బృందం ల్యాబ్‌లోనే. వెనక అలాంటి ల్యాబ్ ఉంటే డిగ్రీ పేరు గురించి బెంగ అక్కర్లేదు. లేదంటే మామూలు ఇంజినీరింగ్ చేసి పీజీకి వెళ్లొచ్చు, జర్మనీలో ఓల్డెన్‌బర్గ్ యూనివర్సిటీ 1987 నుంచి రెన్యూవబుల్ ఎనర్జీలో పీజీ నడుపుతోంది, రకరకాల దేశాల వాళ్లు వస్తారు.

ఉష్ణం: అందరూ ప్యానెళ్ల గురించే మాట్లాడుతున్నారు. అద్దాలతో ఎండని టవర్ మీదికి మళ్లించి, ఉప్పుని కరిగించి 565 డిగ్రీల దాకా వేడిచేసి, ఆ వేడితో రాత్రి కూడా కరెంటు తీసే ప్లాంట్లున్నాయి. దానికి మెకానికల్ కావాలి, ముఖ్యంగా థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్.

నిచ్చెన: నాలుగేళ్ల డిగ్రీయే కావాలని లేదు. ఎలక్ట్రికల్ డిప్లొమా, దాంతోపాటు మీ దేశంలో ఉండే వైరింగ్ లైసెన్స్ ఉంటే ఇన్‌స్టలేషన్‌లోకి నేరుగా వస్తారు. ఉత్తర అమెరికాలో అయితే నాబ్‌సెప్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్‌కి విలువిస్తారు. డీసీ వైపు జాగ్రత్తలు మాత్రం బాగా నేర్చుకోండి, ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ని ఆపే స్విచ్ లేదు.

పీవీపాఠం: చేరేముందు ఒక పని చేయండి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ వాళ్ల సోలార్ కోర్సు ఆన్‌లైన్‌లో ఉంది, చూడండి. అమెరికా జాతీయ ప్రయోగశాల తయారుచేసిన సిస్టమ్ అడ్వైజర్ మోడల్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో ఒక చిన్న ప్లాంట్ డిజైన్ చేసి చూస్తే మీకు ఏ భాగం నచ్చుతుందో తెలుస్తుంది. కాలేజీని అడగాల్సింది ఒకటే, పోయిన ఏడాది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు చూపించమనండి. పరికరాలు ముట్టుకుని చేసినవా, కంప్యూటర్‌లోనే ముగిసినవా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ఎండపొద్దు: అందరికీ చాలా థాంక్సండి. ఇన్వర్టర్ల వైపే ఆసక్తి ఉంది కాబట్టి ఎలక్ట్రికల్‌కే వెళ్తున్నాను. గ్రిడ్‌వాసి గారూ, ఎలక్టివ్ ఒకటే తీసుకోవాలంటే పవర్ సిస్టమ్సా, అడ్వాన్స్‌డ్ కంట్రోలా?

గ్రిడ్‌వాసి: కంట్రోల్. మబ్బు పట్టిన ప్రతిసారీ గరిష్ఠ పవర్ వచ్చే వోల్టేజీని ఇన్వర్టర్ మళ్లీ వెతుక్కోవాలి, పైగా ఇప్పుడు గ్రిడ్‌ని నిలబెట్టే పని కూడా దానికే అప్పగిస్తున్నారు. పవర్ సిస్టమ్స్ కోర్ సబ్జెక్టుల్లో ఎలాగూ వస్తుంది.