మూడేండ్ల పాపకు కండ్ల కలక, ఇంట్లో పది నెలల బాబు ఉన్నాడు: ఏం చేయాలి?

హన్మకొండ అమ్మ (ఆదివారం, రాత్రి 9:10)
అక్కలూ, అన్నలూ, కొంచెం చెప్పండి. మా పాపకు మూడేండ్లు. నిన్న సాయంత్రం కుడి కన్ను ఎర్రబడింది. ఈ రోజు పొద్దున లేచేసరికి రెండు కండ్లూ పుసులతో అతుక్కుపోయాయి. రెప్పలు విప్పలేక ఒకటే ఏడుపు. పుసి పసుపుపచ్చగా, చిక్కగా వస్తోంది. జ్వరం లేదు, తిండి తింటోంది. వాళ్ల అంగన్‌వాడీలో ఇంకో ఇద్దరికి కూడా ఉందట.

మా ఆయనకు పోయిన వానకాలం కండ్ల కలక వచ్చినప్పుడు తెచ్చిన చుక్కల మందు ఫ్రిజ్‌లో సగం సీసా ఉంది. అదే వేద్దామంటున్నారు. మా అత్తమ్మేమో, "చిన్నోడు పాలు తాగుతున్నాడు కదా, నీ పాలే రెండు చుక్కలు కంట్లో పిండు, చల్లబడుతుంది" అంటోంది. నాకైతే రెండూ భయంగానే ఉన్నాయి. చిన్నోడికి కూడా అంటుకుంటుందేమోనని ఇంకా టెన్షన్.

కాజీపేట వదిన (రాత్రి 9:35)
ఆ పాత సీసా ముందు చెత్తబుట్టలో వేయి చెల్లె. మూత తీసిన చుక్కల మందు నాలుగు వారాలకు మించి వాడకూడదు. పైగా అది మీ ఆయన కన్ను చూసి ఇచ్చిన మందు, పాపకు కాదు.

2023 జులైలో ఊరూరా కండ్ల కలకలు వచ్చినప్పుడు మా ఇంట్లో నలుగురం వరుసగా పడ్డాం. మా పెద్దోడికి ఐదేండ్లు అప్పుడు. వాడికి నీళ్లలాగా కారింది, గొంతు నొప్పి, కొంచెం జ్వరం. పిల్లల డాక్టరు చూసి, ఇది వైరస్‌తో వచ్చింది, యాంటీబయాటిక్ చుక్కలు వేసినా దీనికి పనిచేయవు, శుభ్రంగా తుడుస్తూ చల్లటి గుడ్డ పెట్టండి అన్నారు. తగ్గడానికి పది రోజులు పట్టింది. మీ పాపకు చిక్కటి పుసి అంటున్నావు కాబట్టి అది వేరే రకం కావచ్చు. అందుకే డాక్టరు ఒక్కసారి చూడాలి.

ఇంకో మాట. కండ్లలోకి చూస్తే అంటుకుంటుందని అప్పుడు మేమంతా నల్లద్దాలు పెట్టుకుని తిరిగాం. తువ్వాల మాత్రం అందరికీ ఒకటే. మాకు అంటుకున్నది ఆ తువ్వాలతోనే.

ములుగు నర్సు (రాత్రి 10:05)
నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సును. ఈ రాత్రికి చేయాల్సింది చెప్తాను తల్లీ.

నీళ్లు మరిగించి చల్లార్చు. చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన దూది ఆ నీళ్లలో ముంచి పిండి, అతుక్కున్న రెప్పల మీద కాసేపు ఉంచు. పుసి నానుతుంది. గట్టిగా లాగొద్దు. తర్వాత ముక్కు వైపు మూల నుంచి చెవి వైపు మూలకు ఒక్కసారి తుడిచి ఆ దూది పారేయాలి. ఇంకోసారి తుడవాలంటే కొత్త దూది, రెండో కంటికి మళ్లీ కొత్తది. చాలామంది తల్లులు ఒకే చీరకొంగుతో రెండు కండ్లూ తుడుస్తారు. ఒక కంటిది రెండో కంటికి అట్లాగే పోతుంది.

తల్లిపాలు వద్దు. మీ అత్తమ్మ ప్రేమతోనే చెప్తోంది, నాకు తెలుసు, మా ఊళ్లో కూడా అందరూ అదే చేస్తారు. కానీ చర్మం మీది క్రిములు పాలతో పాటు కంట్లోకి పోతాయి. అంతకన్నా పెద్ద నష్టం, పాలు పోశాం కదా చూద్దాం అని మూడు రోజులు ఆగిపోవడం. కాటుక, ఆముదం కూడా అంతే.

రేపు పొద్దున్నే తీసుకుపో. పాప వెలుతురు చూడలేకపోయినా, రెప్పలు బాగా వాచి జ్వరం వచ్చినా, నల్లగుడ్డు మీద తెల్లగా ఏమైనా కనిపించినా పొద్దున దాకా కూడా ఆగొద్దు.

జమ్మికుంట రైతు (రాత్రి 10:40)
నర్సమ్మ చెప్పిన ఆ తెల్ల మచ్చ మా ఇంట్లో చూశాం. అందుకే రాస్తున్నాను.

రెండేండ్ల కింద కల్లంలో వడ్లు తూర్పారబడుతుంటే మా చిన్నోడు అక్కడే ఆడుకుంటున్నాడు. కంట్లో పొట్టు పడింది. నీళ్లతో కడిగాం, పోయిందనుకున్నాం. మర్నాటికి ఎడమ కన్ను ఒక్కటే ఎర్రబడింది, నీరు కారుతోంది. కండ్ల కలక అని మెడికల్ షాపులో చెప్తే చుక్కల సీసా ఇచ్చాడు. మొదటి రోజు ఎరుపు కొంచెం తగ్గినట్టే అనిపించింది. నాలుగో రోజుకు పిల్లగాడు వెలుతురు వస్తే చాలు, ముఖం దిండులో దాచుకుంటున్నాడు. నల్లగుడ్డు మీద తెల్లగా చుక్క లేచింది.

హైదరాబాద్ తీసుకుపోయాం. అక్కడ కంటి మీద నుంచి కొంచెం గీకి మైక్రోస్కోప్‌లో చూసి బూజు పట్టిందన్నారు. ఫంగస్. పైరు, పొట్టు, గడ్డి కోసుకున్న కంట్లో అది పెరుగుతుందట. మేం వేసిన చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది, అది బూజుకు ఇంకా బలమిచ్చింది. నాటమైసిన్ చుక్కలు గంట గంటకూ, రాత్రిళ్లు కూడా లేపి వేశాం, వారాల తరబడి. కన్ను దక్కింది, కానీ చిన్న పువ్వు మిగిలిపోయింది. ఆ పక్క నుంచి వాడికి మసకగానే కనిపిస్తుంది.

ఒక్క కన్ను ఎర్రబడి, దానికి ముందు ఏదైనా తగిలి ఉంటే దాన్ని కండ్ల కలక అనుకోవద్దు. ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి.

నర్సంపేట అక్క (రాత్రి 11:00)
అన్నా, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. మాకూ స్టెరాయిడ్ చుక్కలతోనే దెబ్బ తగిలింది. మా బాబుకు ప్రతి ఎండాకాలం కండ్లు దురద, తెల్లటి తీగలాంటి పుసి. అది అలర్జీ. ఒకసారి డాక్టరు రాసిన చుక్కలు బాగా పనిచేశాయని, ఆ చీటీ పట్టుకుని రెండేండ్లు మేమే కొని వేశాం. తర్వాత చూపిస్తే కంటిలో ఒత్తిడి పెరిగింది, ఇట్లాగే వాడితే నరం దెబ్బతింటుంది అన్నారు. సీసా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, లోటెప్రెడ్నాల్ అని ఏది ఉన్నా అది స్టెరాయిడే. డాక్టరు ఎన్ని రోజులు చెప్తే అన్ని రోజులే వేయండి.

హన్మకొండ అమ్మ (సోమవారం, మధ్యాహ్నం 1:20)
రాత్రి నర్సమ్మ చెప్పినట్టే తుడిచాను, పాప నిద్రపోయింది. పొద్దున డాక్టరుకు చూపించాం. బ్యాక్టీరియాతో వచ్చిందన్నారు. యాంటీబయాటిక్ చుక్కలు రోజుకు నాలుగుసార్లు, పడుకునేటప్పుడు ఆయింట్‌మెంట్. స్టెరాయిడ్ లేదు, నేనే అడిగి చూసుకున్నాను. జమ్మికుంట అన్నా, మీ బాబు సంగతి చదివాకే అడగాలని తోచింది.

కానీ చుక్కలు వేయడమే పెద్ద యుద్ధంగా ఉంది. ఇద్దరం పట్టుకున్నా కండ్లు గట్టిగా మూసేస్తోంది. సగం మందు చెంప మీదికే పోతోంది.

ములుగు నర్సు (మధ్యాహ్నం 2:00)
పట్టుకోవద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కండ్లు మూసుకోమను. ముక్కు పక్కన కంటి మూలలో ఒక్క చుక్క వేయి. తర్వాత కథ చెప్తూ కండ్లు తెరవమను, మందు తనంతట తనే లోపలికి పోతుంది. ఒక్క చుక్క చాలు, రెండోది వేస్తే బయటికి కారుతుంది. సీసా మూతి రెప్పకు తగలనివ్వొద్దు. ఆయింట్‌మెంట్ వేశాక కాసేపు మసకగా కనిపిస్తుంది, అందుకే అది పడుకునేటప్పుడు. రెండు రోజులకే బాగైనా డాక్టరు చెప్పినన్ని రోజులు వేయాలి.

పాపకు వేరే దిండు, వేరే తువ్వాల. పుసి ఆగేదాకా అంగన్‌వాడీకి పంపొద్దు. చిన్నోడిని ఎత్తుకునే ముందు ప్రతిసారీ చేతులు కడుక్కో. వాడికి కూడా కండ్లు ఎర్రబడి, చెవి లాక్కుంటూ ఏడిస్తే చెవి కూడా చూపించు. కొన్ని రకాల క్రిములు కంటినీ చెవినీ కలిపి పడతాయి.

పరకాల నాన్న (సోమవారం, రాత్రి 8:15)
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా పాపకు రెండు నెలలు. పుట్టిన రెండు వారాల నుంచి ఎడమ కంట్లో ఎప్పుడూ నీళ్లు, పొద్దున కొంచెం పుసి. తెల్లగుడ్డు మాత్రం ఎర్రగా లేదు. ఇది కూడా కండ్ల కలకేనా?

ములుగు నర్సు (రాత్రి 8:50)
ఎరుపు లేదంటే కన్నీటి గొట్టం ఇంకా తెరుచుకోలేదేమో తమ్ముడూ. కంటి నుంచి ముక్కులోకి పోయే సన్నటి దారి అది. చాలామంది పిల్లలకు ఏడాది లోపు తనంతట తనే తెరుచుకుంటుంది. కంటి మూల నుంచి ముక్కు పక్కగా కిందికి వేలితో నొక్కుతూ మసాజ్ చేయాలి. ఎట్లా చేయాలో డాక్టరు దగ్గర చేయించి చూసుకో, గోర్లు కత్తిరించుకో. ఏడాది దాటినా పోకపోతే సన్నటి తీగతో తెరుస్తారు.

ఒక్క విషయం మాత్రం వేరు. పుట్టిన నెల లోపు బిడ్డకు కండ్లు ఎర్రబడి, రెప్పలు వాచి, చీములాగా కారితే అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. కాన్పు సమయంలో తల్లి నుంచి అంటుకునే కొన్ని క్రిములు రోజుల్లోనే నల్లగుడ్డును తినేస్తాయి.

హన్మకొండ అమ్మ (శుక్రవారం, ఉదయం 10:30)
పాప కండ్లు తేటబడ్డాయి. మూలలో చుక్క వేసే పద్ధతి మొదటి రోజే పనిచేసింది, ఇప్పుడు తనే పడుకుని "కత సెప్పు" అంటోంది. చిన్నోడికి బుధవారం రాత్రి అంటుకుంది, ఎంత కడుక్కున్నా ఆపలేకపోయాం. జ్వరం కూడా వచ్చింది, చెవి లాక్కుంటున్నాడు. చెవి చూడమని నేనే అడిగాను. చూసి, లోపల ఎర్రగా ఉందని సిరప్ రాశారు. నిన్న రాత్రి జ్వరం దిగింది, మా అత్తమ్మ ఒళ్లోనే పడుకున్నాడు. ఆమె ఇప్పుడు దూది నానబెట్టి తనే తుడుస్తోంది, కంటికో దూది.