జాగ్రఫీ పీజీలో చేరే ముందు ఫ్యాకల్టీ లిస్టులో ఏం చూడాలి?

వాగుగట్టు:
నమస్కారం అందరికీ. డిగ్రీ జాగ్రఫీతో పూర్తయింది, పీజీకి రెండు యూనివర్సిటీల్లో సీటు వచ్చింది, ఏది ఎంచుకోవాలో తేలడం లేదు. మొదటి దాంట్లో టీచింగ్ స్టాఫ్ చాలామంది ఉన్నారు, కానీ పేర్ల పక్కన చూస్తే సగానికి పైగా రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను పరిశీలించడం), జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు, స్థల సమాచారం విశ్లేషించడం) అనే ఉంది. రెండో దాంట్లో ఉన్నది కొద్దిమందే, అయితే ఒకరు నదులు, ఒకరు వాతావరణం, ఒకరు నగరాలు, ఒకరు జనాభా, వలసలు, ఇలా తలా ఒక విషయం చూస్తున్నారు. నాకు వరదల మీద పని చేయాలని గట్టిగా ఉంది. జీఐఎస్ వాళ్లు ఎక్కువ ఉన్నచోటికి వెళ్లకపోతే ఉద్యోగం రాదని స్నేహితులు అంటుంటే టెన్షన్‌గా ఉంది. లిస్టులో ఎమెరిటస్, అడ్జంక్ట్, విజిటింగ్ అని కూడా కొందరున్నారు, వాళ్లు మనకు పాఠాలు చెప్తారా? ఇంతకీ ఈ లిస్టును ఎలా చదవాలి?

ఇసుకమేట:
నేను నదుల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి చెప్తాను. ఎంతమంది ఉన్నారన్నది పక్కన పెట్టి ఒక్కొక్కరి పేరు మీద నొక్కి, గత నాలుగైదేళ్లలో ఏం ప్రచురించారో చూడు. స్పెషలైజేషన్ అని రాసుకున్నది ఎప్పుడో పీహెచ్‌డీ నాటిది కావచ్చు, ఇప్పుడు చేస్తున్న పని వేరే అయి ఉండొచ్చు. జియోమార్ఫాలజీ, అంటే నేల రూపాలు ఎలా ఏర్పడతాయో చదివే శాఖ, అని ఉంటే ఆ పేపర్లలో ఫీల్డ్ డేటా ఉందా, మట్టి, ఇసుక నమూనాలు తీసి పరీక్షించారా, డిపార్ట్‌మెంట్‌కు సెడిమెంట్ ల్యాబ్ (అలాంటి నమూనాలను పరీక్షించేది) ఉందా అన్నవి చూడాలి. కొన్ని జాగ్రఫీ డిపార్ట్‌మెంట్లలో ల్యూమినిసెన్స్ డేటింగ్ ల్యాబులు కూడా ఉంటాయి, ఇసుక రేణువు చివరిసారి ఎప్పుడు వెలుగు చూసిందో వాటిలో లెక్క కడతారు, పాత వరదల కాలం తేల్చడానికి అది చాలా పనికొస్తుంది.

వరదలకు జీఐఎస్ అక్కర్లేదని మాత్రం అనుకోకు. వరద వచ్చే రోజుల్లో ఆకాశమంతా మబ్బే, మామూలు ఉపగ్రహ చిత్రంలో నేల కనపడదు. సెంటినెల్-1 లాంటి ఉపగ్రహంలోని రాడార్ మబ్బుల్లోంచి కూడా చూస్తుంది కాబట్టి నీళ్లు ఎంతమేర పరుచుకున్నాయో గీయొచ్చు. అయితే లోతు ఎంత అంటే నేల ఎత్తులు కావాలి, అందరూ వెంటనే ఎస్ఆర్‌టీఎం అనే నేల ఎత్తుల డేటా తీసుకుంటారు. అది 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచింది, దట్టంగా చెట్లున్నచోట నేల బదులు చెట్ల పైభాగానికి దగ్గరి ఎత్తు చూపిస్తుంది. ఏటి ఒడ్డున చెట్ల వరుస ఉంటే అక్కడ కట్ట ఉన్నట్టు కంప్యూటర్ అనుకుంటుంది, వరద మైదానంలో మీటరు తేడా కూడా పెద్ద తేడానే కాబట్టి మొత్తం మ్యాపే తప్పుతుంది. ఒడ్డు మీద నిలబడి కొలతలు తీసిన మనిషి దాన్ని చూడగానే పట్టేస్తాడు. అందుకే నదుల వాళ్లు, జీఐఎస్ వాళ్లు కలిసి రాసిన పేపర్లు ఉన్నాయా అని వెతుకు. అలాంటివి కనిపిస్తే ఆ డిపార్ట్‌మెంట్‌ను నేను గట్టిగా సిఫార్సు చేస్తాను.

అక్షాంశం:
జాగ్రఫీ బోధనలోనే ఉన్నాను, హోదాల సంగతి చెప్తాను. ఎమెరిటస్ అంటే రిటైరైనా గౌరవంగా అనుబంధం కొనసాగుతున్నవారు, సాధారణంగా కొత్త విద్యార్థులకు ప్రధాన గైడుగా ఉండరు. అడ్జంక్ట్‌గా ఉన్నవారి అసలు ఉద్యోగం తరచూ వేరేచోట ఉంటుంది, ఒకటో రెండో సబ్జెక్టులు బోధిస్తారు. విజిటింగ్ వాళ్లు కొంతకాలానికే వస్తారు. ఈ ముగ్గురినీ తీసేసి లెక్కపెడితే రోజూ మీకు అందుబాటులో ఉండేవారు తేలతారు. హెడ్‌గా ఉన్నవారికి ఆఫీసు పనే సగం సమయం తినేస్తుంది, కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పరిశోధన నిలబెట్టుకోవాలన్న పట్టుదల ఉంటుంది, విద్యార్థి రాసింది కూర్చుని చదువుతారు. వచ్చే ఏడాది ఎవరు సెలవులో ఉంటున్నారు, ఎవరు రిటైరవుతున్నారు అని అడగడంలో మొహమాటపడకండి. మీ నదుల ప్రొఫెసర్ ఒక్కరే ఉండి, ఆయనే వెళ్లిపోతే ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాలి.

ఈ సబ్జెక్టులో మనుషుల ప్రభావం చాలా ఎక్కువ. భూగోళ శాస్త్రవేత్త కార్ల్ సావర్ 1923లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో చేరాక సాంస్కృతిక భూగోళశాస్త్రంలో అదొక సంప్రదాయంగా ఎదిగింది. 1950లలో వాషింగ్టన్ యూనివర్సిటీలో విలియం గ్యారిసన్ చుట్టూ చేరిన విద్యార్థులు గణాంక పద్ధతులను జాగ్రఫీలోకి తెచ్చారు.

ఇంకో మాట, హ్యూమన్ జాగ్రఫీ వాళ్లను తేలిగ్గా దాటేయకండి. వరదల మీద పని అంటున్నారు కదా, గిల్బర్ట్ వైట్ అనే భూగోళ శాస్త్రవేత్త షికాగోలో చేసి 1945లో ప్రచురించిన డాక్టరేట్ పని సారం ఏమిటంటే, నష్టాన్ని తగ్గించడానికి కట్టలు ఒక్కటే చాలవు, జనం వరద మైదానాన్ని ఎలా వాడుకుంటున్నారన్నది కూడా మార్చాలి అని. కట్ట వేశాక ధైర్యం వచ్చి దాని వెనక ఇంకా ఎక్కువమంది స్థిరపడతారు, అది తెగినప్పుడు నష్టం ఇంకా పెద్దదవుతుంది. నగరాలు, వలసలు చదివేవారు పక్క గదిలో ఉంటే మీ పరిశోధన ప్రశ్నే మారిపోతుంది.

పటంగీత:
మ్యాపింగ్ ఉద్యోగంలో ఉన్నాను. సాఫ్ట్‌వేర్ కోసం డిపార్ట్‌మెంట్‌ను ఎంచుకోవద్దు తమ్ముడూ. క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ఉచితం, మెనూల్లో ఏది ఎక్కడుందో ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. ఇసుకమేట గారు పేపర్లు చూడమన్నారు, నేనైతే సిలబస్ కూడా చూడమంటాను, ఎందుకంటే గొప్పగా ప్రచురించేవారు పీజీ క్లాసుకు రాకపోవచ్చు. స్పేషియల్ స్టాటిస్టిక్స్ (స్థలానికి సంబంధించిన గణాంకాలు), మ్యాప్ ప్రొజెక్షన్లు (గుండ్రటి భూమిని చదునైన మ్యాపు మీదికి తెచ్చే పద్ధతులు), పైథాన్ లేదా ఆర్ ప్రోగ్రామింగ్ శ్రద్ధగా చెప్పే ఒక్కరు ఉన్నా ఉద్యోగానికి సరిపడా పునాది పడుతుంది. జీఐఎస్ అని పది పేర్లున్నా అందరూ ఒకే రకం మ్యాపులు చేయిస్తుంటే లాభం లేదు. ల్యాబ్ టెక్నీషియన్ల గురించి కూడా అడుగు, టోటల్ స్టేషన్ (సర్వే పరికరం), జీఎన్ఎస్ఎస్ (ఉపగ్రహాలతో స్థానం కొలిచే పరికరం) పట్టుకోవడం చాలాచోట్ల వాళ్లే నేర్పిస్తారు, వాళ్ల పేర్లు లిస్టులో అట్టడుగున ఉంటాయి.

వాగుగట్టు:
చాలా థ్యాంక్స్ అండీ. చూశాను, రెండో దాంట్లో నదుల మేడమ్, జీఐఎస్ సార్ కలిసి రాసిన పేపర్లు ఉన్నాయి. మేడమ్‌కు మెయిల్ పెట్టాలంటే ఏం రాయాలి?

ఇసుకమేట:
పొడుగ్గా రాయకు. ఆమె పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో నీకు నిజంగా వచ్చిన సందేహం ఒకటి అడుగు. వచ్చే రెండేళ్లు పీజీ డిసర్టేషన్లు తీసుకుంటున్నారా, ఫీల్డ్‌కు విద్యార్థులను తీసుకెళ్తారా అని రెండు ముక్కలు చేర్చు. ఆమె దగ్గర ఇప్పుడు చేస్తున్న విద్యార్థి ఎవరితోనైనా మాట్లాడొచ్చా అని కూడా అడుగు, డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకు తిరిగి వస్తుందో వాళ్లే చెప్పగలరు.