ఎండినా చావని జీవుల జన్యువులు ఎక్కడివి?

ప్రశ్న: నాచులో ఉండే టార్డిగ్రేడ్ అనే అతి చిన్న జంతువు కాళ్లు ముడుచుకుని గుళికలా ఎండిపోయి, ఏళ్ల తర్వాత నీటి చుక్క తగిలితే మళ్లీ కదులుతుంది. ఈ శక్తినిచ్చే జన్యువులు బ్యాక్టీరియా నుంచి వచ్చినవేనా?

జవాబు 1: కాదండి. దాని జన్యువుల్లో దాదాపు ఆరో వంతు పరాయివని 2015లో ఒక బృందం ప్రకటించింది కానీ, నమూనాలో కలిసిన బ్యాక్టీరియా డీఎన్ఏను చూసి పొరబడ్డారని మరుసటి ఏడాదే తేలింది. పని చేసేవి దాని సొంత ప్రోటీన్లే: నీరున్నంత కాలం స్థిరమైన ఆకారం లేకుండా ఉండే సీఏహెచ్‌ఎస్ ప్రోటీన్లు, కణం ఎండేకొద్దీ జెల్‌లా చిక్కబడి, లోపలి ఎంజైములు చెడిపోకుండా కాపాడతాయి.

జవాబు 2: ఇలాగే ఎండినా బతికే మరో రకం అతి చిన్న జంతువులు, డెల్లాయిడ్ రోటిఫర్ల సంగతి వేరు. వాటి జన్యువుల్లో సుమారు 8 శాతం ఇతర జీవుల నుంచి వచ్చినవేనని అంచనా. ఎండినప్పుడు ముక్కలైన డీఎన్ఏను తడి తగిలాక అవి తిరిగి అతికించుకుంటాయి. పరాయి ముక్కలు చొరబడేది బహుశా అప్పుడే.