మామయ్య డబ్బాలో సిలిండర్ సీల్ లాంటి పూస దొరికింది, అసలుదా నకిలీదా ఎలా తేల్చాలి?

పూసలడబ్బా:
అందరికీ నమస్తే. మా మామయ్య పోయాక ఆయన పూసల డబ్బా నా దగ్గరికొచ్చింది, ఆయనకి పూసల పిచ్చి బాగా ఉండేది, దారానికి గుచ్చినవీ గుచ్చనివీ అన్నీ కలిపి ఓ మూడొందలు ఉంటాయేమో. అందులో ఒకటి మాత్రం మిగతావాటిలా లేదు. పొడుగు 2.6 సెం.మీ., అడ్డం 1.3 సెం.మీ., గొట్టంలా ఉండి మధ్యలో నిలువునా బెజ్జం. రంగు నలుపే కానీ వెలుతుర్లో తిప్పితే ఉక్కులా మెరుస్తుంది. చుట్టూ చెక్కుడు ఉంది, కొమ్ముల టోపీ పెట్టుకుని పీట మీద కూర్చున్న ఒకాయన, ఆయన ముందు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ ఒకావిడ, ఆమె వెనకాల ఇంకొకడు, ఆ పక్కన రెండు నిలువు గళ్ళలో మేకుల్లాంటి రాత. నెట్లో వెతికితే పాత బాబిలోనియా (ఇప్పటి ఇరాక్ వైపు) సిలిండర్ సీల్స్, అంటే మెత్తటి మట్టి మీద దొర్లించి ముద్ర వేసే గొట్టం రాళ్ళు, వాటి ఫోటోలు అచ్చం ఇలాగే ఉన్నాయి.

మామయ్య ఎక్కడ తెచ్చాడో ఇంట్లో ఎవరికీ తెలీదు, బిల్లూ లేదు చీటీ లేదు. ఫోటో చూసి ఒకాయన వెంటనే నాకిచ్చెయ్ అన్నాడు, మా ఫ్రెండేమో రెసిన్ బొమ్మరా అని నవ్వాడు. ఇద్దరిలో ఎవర్ని నమ్మాలో అర్థం కావట్లా. కార్బన్ డేటింగ్ చేయిస్తే వయసు తెలిసిపోతుందా?

టక్కున_చెప్తా:
ఫేకే బ్రో. ఇలాంటివి ఆన్‌లైన్‌లో కుప్పలు తెప్పలు.

బెజ్జంలోకిచూడు:
ముందు కార్బన్ డేటింగ్ మాట మర్చిపోండి, అది ఒకప్పుడు ప్రాణం ఉన్నవాటికి, కర్ర, బొగ్గు, ఎముక లాంటివాటికి. రాయికి చెయ్యరు. పైగా రాయి వయసు తెలిసినా లాభం లేదు, నిన్న సాయంత్రం చెక్కిన పూసలో కూడా రాయి కోట్ల ఏళ్ళదే ఉంటుంది. మనకి కావాల్సింది చెక్కింది ఎప్పుడూ అని, అది తేల్చే మిషన్ ఏదీ లేదండీ, గుర్తులు ఒక్కొక్కటే చూసుకుంటూ పోవడమే.

మీరు చెప్పిన మెరుపుని బట్టి హెమటైట్, అంటే ఇనుప ఖనిజం రాయి అనుకుంటున్నా. క్రీ.పూ. 2000 నుంచి 1600 మధ్య మెసొపొటేమియాలో, అంటే ఆ బాబిలోనియా ఉన్న ప్రాంతంలో, సీల్స్‌కి ఎక్కువగా వాడిన రాయి అదే, కాబట్టి బొమ్మకీ రాయికీ పొంతన కుదిరింది. అలాగని సంబరపడకండి, నకిలీ చేసేవాడు కూడా ఇవన్నీ చదువుకునే చేస్తాడు.

రెసినో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నగలు తూచే చిన్న కాటా ఉంటే పూసని తూచండి. తర్వాత కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, పూసని దారానికి కట్టి, గ్లాసు అడుక్కీ గోడకీ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదియ్యండి, అప్పుడు ఎన్ని గ్రాములు చూపిస్తే దాని ఘనపరిమాణం అన్ని ఘన సెం.మీ. అన్నమాట. మొదటి తూకాన్ని దీంతో భాగించండి. హెమటైట్ అయితే 5 దాటాలి, గాజు, మామూలు నల్లరాళ్ళు రెండున్నర, మూడు దగ్గర ఆగిపోతాయి, రెసిన్ ఒకటికి కాస్త పైన. ఒక అయస్కాంతం కూడా దగ్గరపెట్టి చూడండి. టక్కున అంటుకుంటే అది హెమటైట్ పేరుతో అమ్మే ఫ్యాక్టరీ సరుకు, అసలు హెమటైట్‌ని అయస్కాంతం పెద్దగా లాగదు. సూది కాల్చి గుచ్చడం, గీకి చూడటం లాంటివి మాత్రం దయచేసి చెయ్యొద్దు.

అసలు సంగతి బెజ్జంలో ఉంటుంది. పైన బొమ్మ ఎంత జాగ్రత్తగా చెక్కినా బెజ్జం లోపలికి చూసేవాళ్ళు తక్కువ కాబట్టి నకిలీ చేసేవాడు అక్కడ ఒళ్ళు దాచుకుంటాడు. టార్చ్ వేసి రెండు వైపుల నుంచీ చూడండి. పాతకాలంలో రెండు చివర్ల నుంచీ తొలిచి మధ్యలో కలిపేవాళ్ళు, కలిసిన చోట చాలాసార్లు చిన్న మెట్టు కనపడుతుంది. తుపాకీ గొట్టంలా ఆ చివర నుంచి ఈ చివరకి ఒకే లావుగా తిన్నగా ఉంటే అనుమానించాలి. బెజ్జం అంచు కూడా చూడండి, ఏళ్ళ తరబడి తాడు మీద వేలాడినది ఒక పక్కన ఎక్కువ అరిగి వాలుగా ఉంటుంది.

ఇంకొకటి, పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే మీద మెల్లగా దొర్లించి ఆ అచ్చు ఫోటో కూడా పెట్టండి. పగుళ్ళుంటే దొర్లించకండి.

పళ్ళడాక్టరమ్మ:
బెజ్జం మాట వచ్చింది కాబట్టి ఆగలేక రాస్తున్నా, సీల్స్ బెజ్జాల మీద గట్టిగా పనిచేసిన లియొనార్డ్ గోరెలిక్ మా పళ్ళ డాక్టరే! జాన్ గ్విన్నెట్‌తో కలిసి, మేం పంటి అచ్చులు తీసే లాంటి సిలికాన్‌నే సీల్ బెజ్జాల్లోకి పోసి, బయటికి తీసిన అచ్చుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి, డ్రిల్లు రాయిదా రాగిదా, ఇసుక లాంటి రాపిడి పొడి వాడారా అని గీతల్ని బట్టి చెప్పేవాళ్ళు. ఆలోచిస్తే మరీ వింతేం కాదు, గట్టి పదార్థంలో సన్న రంధ్రం, అందులో డ్రిల్లు గీతలు, రోజూ మేం చూసేది అదేగా.

కానీ పైన చెప్పినదానికి ఒక చిన్న సవరణ. రెండు వైపుల నుంచీ తొలిచినంత మాత్రాన పాతది అయిపోదు, పూసలు చేసేవాళ్ళు ఇప్పటికీ అంచు పగలకుండా రెండు వైపుల నుంచే తొలుస్తారు, డ్రిల్లు ముక్కుకి వజ్రం ఉంటుంది అంతే తేడా. అటు సింధు నాగరికత వాళ్ళ పొడుగు కార్నీలియన్ (ఎర్రటి రాయి) పూసల్లో బెజ్జం ఎంత సన్నగా తిన్నగా ఉంటుందంటే చూస్తే మిషన్ పని అనుకుంటాం. కాబట్టి బెజ్జం ఆకారం ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు ఇవ్వకూడదు, లోపలి గోడ మీద గీతలు, అరుగుదల కూడా చూడాలి.

పూసలడబ్బా:
అన్నీ చేశా, ఆదివారం మొత్తం దీనికే పోయింది.

తూకం 16.8 గ్రాములు, నీళ్ళలో 3.2 చూపించింది, భాగిస్తే 5.25. అయస్కాంతం పట్టించుకోలేదు. మా ఫ్రెండ్‌కి వెంటనే మెసేజ్ పెట్టా, రెసిన్ కాదురోయ్ అని.

బెజ్జంలో మధ్య కంటే కాస్త కిందకి మెట్టు క్లియర్‌గా ఉంది, రెండు రంధ్రాలూ సరిగ్గా ఎదురెదురుగా కలవలేదు, టార్చ్ వేస్తే అవతల వెలుతురు నిండు చంద్రుడిలా కాకుండా ఓ పక్క కోసేసినట్టు కనిపిస్తుంది. పై అంచు ఒక వైపు నున్నగా పల్లంగా అరిగింది, గోరు పెడితే జారిపోతుంది.

ఇక్కడిదాకా ఎగిరి గంతేశా. తర్వాత భూతద్దంతో చూస్తుంటే కింది అంచులో చిన్న పెచ్చు ఊడిన చోటు కనపడింది, పెసర గింజలో సగం ఉంటుంది, దాని అంచులు కూడా నున్నగా అరిగిపోయాయి, అంటే పెచ్చు ఎప్పుడో ఊడిందే. కానీ కూర్చున్నాయన పీట కాలు గీత ఆ పెచ్చు దగ్గర ఆగకుండా లోపలికి దిగి సాగింది! ముందు చెక్కి తర్వాత పెచ్చు ఊడితే గీత కూడా పెచ్చుతో పాటే పోవాలి కదా? లేక నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

అచ్చు ఫోటో కింద పెట్టా. అచ్చులో కూర్చున్నాయన ఎడమ వైపు ఉన్నాడు.

బెజ్జంలోకిచూడు:
ఎక్కువ ఆలోచించలేదు, చూడాల్సిందే చూశారు. పెచ్చులోకి గీత దిగిందంటే పెచ్చు ముందు, చెక్కుడు తర్వాత, ఇందులో రెండో మాట లేదు. అరుగుదల విషయంలో కూడా అంతే, అంచూ బెజ్జమూ అరిగి, బొమ్మ చెక్కిన గీతల అంచుల మీద అరుగుదల ఏమీ లేకపోతే రెంటి వయసూ ఒకటి కాదు. పాత ఖాళీ పూస గానీ బొమ్మ చెరిగిపోయిన సీల్ గానీ తీసుకుని కొత్తగా చెక్కడం బాగా తెలిసిన ఎత్తు, రాయీ బెజ్జమూ అరుగుదలా అన్నీ నిజంగానే పాతవి కాబట్టి నాలాంటి వాడు కూడా బెజ్జం చూసి బోల్తా పడతాడు. ఇంతకు ముందు పడ్డా కూడా, ఆ కథ ఇంకోసారి.

ఇప్పుడు మీ అచ్చు ఫోటో. సీల్ మీద తిరగేసి చెక్కితేనే మట్టి మీద సరిగ్గా పడుతుంది, మన రబ్బరు స్టాంపు లాగే. ఆ కాలపు ఇలాంటి బొమ్మల్లో, అచ్చులో చూస్తే, కూర్చున్న దేవుడు మామూలుగా కుడి వైపు ఉంటాడు, మొక్కేవాళ్ళు ఎడమ నుంచి వస్తారు. మీదాంట్లో తారుమారైంది. అది ఒక్కటే అయితే వదిలేద్దును. రాత చూడండి, అచ్చు ఫోటోని ఎడమ వైపుకి పావు చుట్టు తిప్పండి, గళ్ళ గీతలు అడ్డంగా పడుకుంటాయి. మేకు రాతలో మేకు తల, అంటే ఆ లావు గుబ్బ, అడ్డ మేకుకి ఎడమ పక్కన, నిలువు మేకుకి పైన ఉండాలి. మీ ఫోటోలో అవి ఎటున్నాయో మీరే చూసి చెప్పండి, నేను చెప్తే పక్షపాతం అంటారు.

పూసలడబ్బా:
తిప్పి చూశా. అడ్డ మేకుల గుబ్బలు ఎడమ పక్కనే ఉన్నాయి. నిలువువి మాత్రం తలకిందులు, గుబ్బలన్నీ కింద.

బెజ్జంలోకిచూడు:
నాకూ అలాగే కనపడింది. తిన్నగా ఉన్న రాతని అద్దంలో చూసి ఆ తర్వాత పక్కకి తిప్పితే సరిగ్గా ఇలాగే వస్తుంది. అంటే పుస్తకంలో అచ్చు ఫోటో చూసి దాన్ని ఉన్నదున్నట్టు రాయి మీదకి దింపేశాడు, అది తిరగబడి పడుతుందని తట్టలేదు. బాగా జరిగే పొరపాటే.

మట్టిఅచ్చు:
ఒక్క నిమిషం, మరీ తొందరపడుతున్నామేమో. పాతకాలంలోనే సీల్స్‌ని మళ్ళీ చెక్కించుకున్నవి బోలెడున్నాయి, పాత యజమాని పేరు చెరిపి కొత్తవాడి పేరు వేయించుకున్నవి మ్యూజియంలలో ఉన్నాయి, కాబట్టి పెచ్చులోకి గీత దిగినంత మాత్రాన నకిలీ అనలేం. అసలు సీల్స్‌లో కూడా అరుదుగా రాత తిరగేయకుండా చెక్కినవి ఉన్నాయి. ఇవి విడివిడిగా ఏదీ రుజువు కాదు.

అయితే బొమ్మా రాతా రెండూ కలిసి ఒకేలా తిరగబడటం నాకూ నచ్చలేదు, ఒప్పుకుంటా.

అసలైనా కాకపోయినా ఇంకో సంగతుంది. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ మ్యూజియం లూటీ అయినప్పుడు పోయినవాటిలో సిలిండర్ సీల్సే దాదాపు 5 వేలు, జేబులో పడేసుకోడానికి అంత తేలికైన వస్తువు ఇంకోటి లేదు మరి. అదే ఏడాది మే నెలలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1483 తీర్మానంలో ఇరాక్ నుంచి అక్రమంగా బయటికొచ్చిన ప్రాచీన వస్తువుల అమ్మకాలు ఆపమని సభ్యదేశాలన్నిటికీ చెప్పింది. ఆ ఇచ్చెయ్ అన్నాయనకి అమ్మకండి. కాగితం లేని సీల్ అసలుదైతేనే తలనొప్పి, నకిలీదైతే బతికిపోయినట్టు. మామయ్యగారి పాత ఉత్తరాల్లో, ఫోటోల్లో ఎక్కడైనా ఆ పూస కనపడితే, దాని మీద తేదీ ఉంటే జాగ్రత్తగా దాచండి. తర్వాత ఆ కాలపు వస్తువులున్న మ్యూజియంకి ఫోటోలు పంపండి, చాలా చోట్ల ధర చెప్పరు గానీ చూసి ఏమనుకుంటున్నారో చెప్తారు.

టక్కున_చెప్తా:
నేను మొదట్లోనే చెప్పాగా ఫేకే అని 😎

పళ్ళడాక్టరమ్మ:
చెప్పావులే నాయనా, ఎక్స్‌రే తియ్యకుండా పన్ను పీకేసినట్టు.

బెజ్జంలోకిచూడు:
పూసలడబ్బా గారూ, వీలైతే ఇంకొక్క ఫోటో. ఆ పీట కాలు గీత పెచ్చులోకి దిగే చోట, వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి మాక్రోలో తియ్యండి. గీత అడుగున మెరుపు మిగతా పూస మెరుపులాగే ఉందా, లేక పచ్చిగా గరుగ్గా ఉందా అన్నది చూడాలి. పాతకాలపు రెండో చెక్కుడా ఈమధ్యదా అన్నది కొంతవరకు అక్కడే తెలుస్తుంది.

పూసలడబ్బా:
ఫోన్‌కి తగిలించే లెన్స్ ఒకటి అడిగా, రాగానే తీసి పెడతా. మామయ్య ఫోటోల ఆల్బం కూడా అత్తయ్య వెతుకుతానంది. ఈలోపు క్లే మీద ఇంకో మూడుసార్లు దొర్లించి చూశా, ఏమైనా మారతాయేమోనని. ఆ గుబ్బలు కిందే ఉన్నాయి.