చెలకల్ల తోడేలు ఎదురైతే ఏం చేయాలె?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది జనగామ దిక్కు. మా చిన్నాయిన గొర్లు కాస్తడు. మొన్న పొద్దూకంగ గుట్ట కింద మందను మలుపుతుంటే తుమ్మచెట్ల నుంచి రెండు జంతువులు వచ్చి, రాయి విసిరితే తగిలేంత దూరంల నిలబడ్డయి. పొడుగు కాళ్లు, బూడిద కలిసిన గోధుమ రంగు, కిందికి వేలాడే తోక, దాని కొస నల్లగ. మొరగలే, పళ్లు చూపలే, అట్లనే చూస్తున్నయి. మా కుక్క నా కాళ్ల సందుల దూరింది. చిన్నాయిన కట్టె నేలకు కొట్టి అదిలిస్తే నిమ్మళంగ వెనక్కి మళ్లినయి.

తోడేళ్లనే నా నమ్మకం. నక్క ఇంత ఎత్తుండదు. ఊరకుక్క తోక చాలావరకు పైకి మెలితిరిగి ఉంటది. అడుగుల జాడ చూసి తేడా చెప్పవచ్చునా? చలికాలం అవి పిల్లలు పెట్టే కాలం గదా, బొరియ దగ్గర్ల ఉంటే మందను అటు తోలకపోవుడే మంచిదా? వెన్ను చూపి ఉరకొద్దని తెలుసు. కానీ పిల్లగాళ్లు ఒక్కలే జీవాల ఎంబడి పోతే వాళ్లకేం నేర్పాలె?

ఊర్లె కొందరు చచ్చిన గొర్రెకు విషం పూసి పెడదామంటున్నరు. నాకు అస్సలు ఇష్టం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంల తోడేలు మొదటి షెడ్యూల్‌ల ఉంది, చంపితే జైలే. ఆ మాంసం తిని కుక్కలు, కాకులు కూడా చస్తయి. కానీ గొర్రెపిల్ల పోయినోనికి చట్టం చెప్తే కడుపు నిండదు.

దొడ్డికి ముళ్లకంప ఎంత ఎత్తు పెట్టాలె? రాత్రి లైటు వేస్తే ఆగుతయా? అటవీశాఖ నుంచి గొర్లకు పరిహారం తీసుకున్నోళ్లు ఎవరన్నా ఉంటే, ఏమేం కాయితాలు అడిగిన్రో చెప్పున్రి.