శరణార్థులకు గిటార్ తయారీ నేర్పడం: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

లైప్‌జిగ్‌వాసి: జర్మనీలోని మా వర్క్‌షాప్‌లో సిరియా, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన కుర్రాళ్లకు గిటార్ తయారీ నేర్పబోతున్నాం. పర్మిట్లు, చెక్క, జీతాల సంగతి మీరెలా చూసుకుంటున్నారు?

చెక్కపొట్టు: ముందు తేమ చూసుకోండి. చలికాలం హీటర్ వేస్తే గాలి ఎండిపోతుంది. తేమ 45-50 శాతం లేకపోతే గిటార్ ముందువైపు వేసే రెండున్నర మిల్లీమీటర్ల స్ప్రూస్ చెక్క పలక నిలవదు. మా కుర్రాడొకడు ఓపిగ్గా చిత్రిక పట్టిన పలక తెల్లారేసరికి నిలువునా చీలింది. పాపం, ఆ రోజు అన్నం కూడా తినలేదు. వెనక పలకకి మాత్రం మన రోజ్‌వుడ్ తెప్పించండి, దానికి సాటి లేదు.

కలపమనిషి: తప్పుడు సలహా. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతులన్నీ సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నాయి.

చెక్కపొట్టు: 2019 నవంబర్‌లోనే సడలించారు. ఊరికే భయపెట్టకండి.

కలపమనిషి: సడలించింది తయారైన వాద్యాలకి! కోసిన చెక్కకి పర్మిట్ ఇప్పటికీ కావాలి. కలప దిగుమతే నా వృత్తి, నాకు చెప్పకండి. శరణు కేసు నడుస్తున్న మనిషి చేతిలో కాగితాల్లేని చెక్క పెడతారా? మేపుల్, వాల్‌నట్ అక్కడే దొరుకుతాయి.

చెక్కపొట్టు: నేను కొన్న ప్రతి ముక్కకీ కాగితాలున్నాయి. మాట జాగ్రత్త.

హాంబర్గ్ అక్క: చెక్క గొడవ ఆపండి బాబూ, మనుషుల గురించి మాట్లాడండి. శరణు కేసు నడుస్తుంటే కనీసం మొదటి మూడు నెలలు వాళ్లని పని చేయనివ్వరు. శిక్షణ పేరుతో జీతం లేకుండా గరుకు కాగితం రుద్దించి, ఆ గిటార్లు అమ్ముకున్న చోటు నేను కళ్లారా చూశాను. ఒళ్లు మండింది. మూడేళ్ల అప్రెంటిస్ ఒప్పందం రాయండి. కేసు ఓడినా, షరతులకి సరిపోతే, శిక్షణ అయ్యేదాకా ఉండనిస్తారు. ఆపైన అదే పనిలో ఉద్యోగం దొరికితే ఇంకో రెండేళ్లు.

ఊద్ ప్రేమికుడు: అందరూ కొత్తవాళ్లే అనుకోకండి అక్కా. మా దగ్గరికొచ్చిన డమాస్కస్ ఉస్తాద్ కాల్చిన ఇనుము మీద పలక వంచుతుంటే మా మేస్త్రీ పని ఆపి చూశాడు. ఊద్‌కి, అంటే ఆ అరబ్బు తీగవాద్యానికి, మెట్లు (ఫ్రెట్లు) ఉండవు కాబట్టి ఆయనకి కొత్తది మెట్ల లెక్కే. 650 మి.మీ. తీగ పొడవుని 17.817 అనే స్థిర సంఖ్యతో భాగిస్తే మొదటి మెట్టు 36.5 మి.మీ. దగ్గర పడుతుంది. మిగిలిన పొడవుని మళ్లీ భాగిస్తే రెండోది. ఊద్ తయారీని 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటి పనివాడిని అప్రెంటిస్ అంటారా?

హాంబర్గ్ అక్క: గౌరవం మనసులో ఉంచుకో తమ్ముడూ. అధికారులు అడిగేది ఆ ఒప్పందం కాగితాన్నే.

లైప్‌జిగ్‌వాసి: అక్కా, ఆ ఒప్పందం నమూనా ఉంటే పంపగలరా?

కొత్తసభ్యుడు: తేమ కొలిచే మీటర్ ఏది మంచిదండీ?