స్క్రీన్ మార్పించాక వేలిముద్ర పనిచేయట్లేదు, దారేంటి?

మాది విజయవాడ. స్కూటీ మీంచి జారి నా ఫోన్ స్క్రీన్ పగిలింది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కొన్న ధరలో సగం చెప్పారు. గుండె ఆగినంత పనైంది. బీసెంట్ రోడ్డులో తెలిసిన కుర్రాడి దగ్గర వేయించాను. స్క్రీన్ అద్దంలా ఉంది గానీ వేలిముద్ర తీసుకోవట్లేదు. ఆన్ చేసినప్పుడల్లా 'ఇది అసలు పార్టు కాదు' అని దెప్పుతోంది. "కంపెనీవాళ్లు పార్టు నంబరుని ఫోన్ లోపలి మెయిన్ బోర్డుతో ముడిపెట్టేశారక్కా, నా చేతుల్లో లేదు" అన్నాడు. డబ్బు పోసి కొన్న ఫోన్‌కి నేను యజమానినా, అద్దెకున్నానా?

పాత స్క్రీన్ నా దగ్గరే ఉంది. దాని చిప్ తీసి కొత్తదానికి వేసేవాళ్లు ఇక్కడగానీ గుంటూరులోగానీ ఉన్నారా? కొన్న వస్తువుని బాగుచేయించుకునే హక్కు కోసం కేంద్రం 2022 డిసెంబరులో పెట్టిన రైట్ టు రిపేర్ పోర్టల్‌తో ఎవరికైనా పని జరిగిందా? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తే ఏమేం అడుగుతారు?

సెకండ్ హ్యాండ్ ఐఫోన్‌కి మారదామంటే అక్కడా ఇదే పార్టుల తంతు. పైగా 2020 డిసెంబరులో కోలారు దగ్గర ఐఫోన్లు తయారుచేసిన విస్ట్రాన్ ఫ్యాక్టరీలో జీతాల కోసం కార్మికులు తిరగబడ్డాకే ఆపిల్ ఆ సంస్థను ప్రొబేషన్‌లో పెట్టింది, అంటే తప్పులు సరిదిద్దుకునేదాకా కొత్త పని ఇవ్వమంది. మా తమ్ముడూ ఓ ఫోన్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేసొచ్చినవాడే, అందుకే మనసొప్పట్లేదు.

బయట బాగుచేయించుకున్నా మొరాయించని ఫోన్ ఎవరైనా వాడుతుంటే మోడల్ చెప్పండి. బడ్జెట్ 15 వేలు.